శీతకాలంలో పర్సనల్ ట్రైనింగ్ సేవల ప్రచారం

మనిషి వయసు, ఆరోగ్యం, కోరిక చూసుకుని ట్రైనర్ దగ్గరుండి చేయించే వ్యాయామాన్ని పర్సనల్ ట్రైనింగ్ అంటారు. జిమ్‌లలో దీనికి వాడుక పేరు ‘పీటీ’. జిమ్ సభ్యత్వం వేరు, పీటీ వేరు. సభ్యత్వం కట్టినవారికి జిమ్ తలుపు తెరిచి ఉంటుంది. పీటీ తీసుకున్నవారి కోసం ఫలానా వేళకు ఒక మనిషి ఎదురుచూస్తూ ఉంటాడు. ఈ ఎదురుచూపుకే జనం అదనంగా డబ్బు కడతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ సేవను ట్రైనర్లు, జిమ్‌లు ఎలా పరిచయం చేస్తారు, ఎలా అమ్ముతారు, అందులో ఏది పనిచేస్తుంది, ఏది చేయదు అన్నది ఈ వ్యాసం విషయం.

ఈ వృత్తికి చలికాలం ఆటుపోట్ల కాలం. డిసెంబరులో పాతవారు జారిపోతారు, జనవరిలో కొత్తవారు గుంపుగా వస్తారు, ఫిబ్రవరి ముగిసేసరికి ఆ గుంపు పలచబడుతుంది. అమెరికా, బ్రిటన్‌లలో రూపుదిద్దుకున్న ‘కొత్త సంవత్సరం, కొత్త శరీరం’ తరహా ప్రచారమే ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో జిమ్ ఫ్లెక్సీల మీద కూడా కనిపిస్తుంది. కానీ చలి అక్కడ చేసే పని వేరు, ఇక్కడ చేసే పని వేరు. ఈ తేడాను పట్టించుకోకపోవడమే తెలుగు నేల మీద జరిగే ప్రచారంలో పెద్ద లోపం.

పూర్వరంగం

వ్యాయామాన్ని ఒక సేవగా అమ్మడం 19వ శతాబ్దం చివర స్థిరపడింది. జర్మనీలో పుట్టిన బలశాలి యూజిన్ శాండో 1897లో లండన్‌లో వ్యాయామ విద్యాలయం తెరిచాడు. రాలేనివారికి పోస్టులో పాఠాలు పంపాడు. ఇవాళ్టి ఆన్‌లైన్ ట్రైనింగ్‌కు ఆ ఉత్తరాలే ముత్తాతలు. ఆయన 1904-05లో భారతదేశంలోనూ ప్రదర్శనలిచ్చాడు. అమెరికాలో జాక్ లలేన్ 1936లో ఓక్లండ్‌లో జిమ్ పెట్టి, 1951లో టెలివిజన్ ద్వారా ఇళ్లలోకి వెళ్లాడు.

తెలుగు నేలలో శిక్షణ అప్పటికే ఉంది, అమ్మకం లేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామశాల నడిపి, ఆ తర్వాత సర్కస్‌తో ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. హైదరాబాదు పాతబస్తీ తాలీంలలో కుర్రవాళ్లు ఉస్తాదు దగ్గర కుస్తీ, కసరత్తు నేర్చుకునేవారు. ఉస్తాదుకు ప్రచారం అక్కర్లేదు. ఆయన శిష్యుడు వీధిలో నడిచి వెళితే అదే ప్రచారం. ఆ మాట ఈనాటికీ సగం నిజమే.

ట్రైనర్ల అర్హతలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు ఎక్కువగా అమెరికావి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 1954లో, నేషనల్ స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ అసోసియేషన్ 1978లో, అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ 1985లో ఏర్పడ్డాయి. మన దేశంలో జాతీయ నైపుణ్యాభివృద్ధి వ్యవస్థ కింద క్రీడలు, ఫిట్‌నెస్ రంగానికి ఒక నైపుణ్య మండలి ఉంది. కానీ లైసెన్సు లేనిదే ట్రైనర్‌గా పనిచేయకూడదనే చట్టం లేదు. అందువల్ల ప్రచారంలో అర్హతను చూపించుకోవలసిన బరువంతా ట్రైనర్ మీదే పడుతుంది.

చలి, చీకటి

చల్లని దేశాల్లో శీతకాలపు అడ్డంకి వెలుతురు. డిసెంబరు 21 ప్రాంతంలో స్టాక్‌హోంలో పగలు సుమారు 6 గంటలు. లండన్‌లో 8 గంటలకు లోపే, మినియాపొలిస్‌లో 9 గంటలకు లోపే. జనం చీకట్లో ఆఫీసుకు వెళ్లి చీకట్లో ఇంటికి వస్తారు. బయట మంచు, కాలు జారే దారులు. కొందరిలో ఈ కాలం దిగులుగా మారుతుంది. దీన్ని ఋతువును బట్టి వచ్చే మానసిక రుగ్మతగా నార్మన్ రోసెంతాల్ బృందం 1984లో వర్ణించింది. అందుకే అక్కడి ట్రైనర్లు వెచ్చని గది, తోడు, ఇంటికే వచ్చి చేయించడం, వీడియో కాల్ మీద చేయించడం గురించి ఎక్కువ చెబుతారు. బరువు తగ్గడం కన్నా మనసు తేలికపడటం అనే మాట ఆ వాతావరణంలో నిజాయితీగా వినిపిస్తుంది.

హైదరాబాదులో అదే రోజున పగలు 11 గంటలకు పైనే. డిసెంబరులో కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆదిలాబాదు, అరకు, లంబసింగి వంటి చోట్ల తప్ప చలి మనిషిని ఇంట్లో బంధించదు. నిజానికి ఇది ఆరుబయట వ్యాయామానికి మనకున్న ఉత్తమ ఋతువు. కేబీఆర్ పార్కు, ఇందిరా పార్కు, విశాఖ బీచ్ రోడ్డు ఈ నెలల్లో కళకళలాడతాయి. విశాఖ నేవీ మారథాన్‌ను ఈ చల్లని నెలల్లోనే పెడతారు, ముంబై మారథాన్ జనవరిలో వస్తుంది. మనకు ఖాతాదారులు నిజంగా తగ్గే కాలం ఏప్రిల్, మే.

మన చలికాలపు అడ్డంకి దుప్పటి. పొద్దున్నే దాన్ని వదిలి లేవడం గురించి ఒక చిన్న ఖగోళ సంగతి ట్రైనర్లకు పనికొస్తుంది. అతి తక్కువ పగలు డిసెంబరులో వచ్చినా, హైదరాబాదులో సూర్యుడు అన్నిటికన్నా ఆలస్యంగా లేచేది జనవరి మధ్యలో, ఆ తర్వాతి రోజుల్లో. అప్పుడు సూర్యోదయం 6 గంటల 45 నిమిషాలు దాటుతుంది. కొత్త సంవత్సరం మొదటి వారం ఉత్సాహంతో అయిదున్నర బ్యాచ్‌లో చేరినవారు మూడో వారానికి మానేస్తే, దానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. రోజురోజుకీ వెలుతురు ఆలస్యమవుతోంది. జనవరిలో చేరేవారికి ఆరున్నర, ఏడు గంటల వేళ ఇచ్చి, ఫిబ్రవరి చివర ముందుకు జరపడం మంచి పద్ధతి. సాయంత్రాల సంగతి ఇందుకు భిన్నం. సూర్యాస్తమయం అన్నిటికన్నా తొందరగా అయ్యేది నవంబరు చివర. సంక్రాంతి నాటికే సాయంత్రం వెలుతురు కొంత పెరిగి ఉంటుంది.

జనవరి సంకల్పాల సంగతి

కొత్త సంవత్సరపు ప్రతిజ్ఞలు నవ్వులాట అని, అవి నిలవవని చెప్పడం పత్రికలకు అలవాటు. పరిశోధన అంత తేలిగ్గా తీసేయలేదు. అమెరికాలో స్క్రాంటన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ నార్‌క్రాస్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, జనవరి 1న సంకల్పం చెప్పుకున్నవారిలో 46 శాతం ఆరు నెలల తర్వాత కూడా దాన్ని నిలుపుకున్నారు. మారాలని కోరిక ఉన్నా సంకల్పం చెప్పుకోనివారిలో అలా నిలిచినవారు 4 శాతం. ఆయన అంతకుముందు చేసిన మరో అధ్యయనంలో మొదటి వారం నిలిచినవారు 77 శాతం, రెండేళ్ల తర్వాత మిగిలినవారు 19 శాతం. ఈ రెండిటినీ కలిపి చదివితే ట్రైనర్‌కు చేయవలసిన పని తెలుస్తుంది. జనవరిలో వచ్చే కోరిక అబద్ధం కాదు, కానీ దానికి ఆసరా కావాలి.

హెంగ్‌చెన్ డాయ్, క్యాథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు 2014లో ఇంకో అడుగు వేశారు. వారం మొదలు, నెల మొదలు, సంవత్సరం మొదలు, కొత్త సెమిస్టరు వంటి గుర్తుల దగ్గర జనం జిమ్‌కు వెళ్లడం పెరుగుతుందని చూపారు. పాత తప్పులను పాత కాలానికి వదిలేసి కొత్త లెక్క తెరిచిన భావన మనిషిని కదిలిస్తుందట. మన పంచాంగంలో ఇలాంటి గుర్తులకు కరువు లేదు. జనవరి 1 పోతే సంక్రాంతి, సంక్రాంతి పోతే రథసప్తమి, ఆ తర్వాత ఉగాది. ఒక్క తేదీ మీదే డబ్బంతా కుమ్మరించే జిమ్‌లు ఈ వరసను వాడుకోవడం లేదు.

హెచ్చరిక కూడా ఉంది. డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు 2006లో మూడు అమెరికన్ క్లబ్బుల లెక్కలు చూశారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యులు నెలకు నాలుగుసార్లకు కొంచెం ఎక్కువగా మాత్రమే వచ్చారు. అంటే ఒక్కో రాకకు 17 డాలర్ల పైనే కట్టారు. అక్కడే 10 డాలర్లకు ఒక రాక దొరికే టికెట్ ఉన్నా సరే. మనిషి తన మీద తాను పెట్టుకునే నమ్మకం జిమ్‌కు ఆదాయం అవుతోంది. రాని మనిషి డబ్బుతో బతికే ఈ పద్ధతి సభ్యత్వాలలో చెల్లుతుందేమో కానీ పీటీలో చెల్లదు. ట్రైనర్ ఎదురుగా మనిషి కనిపించకపోతే వచ్చే నెల ప్యాకేజీ ఉండదు.

పండగలకు బరువు పెరుగుతామనే భయం మీద నడిచే ప్రకటనల గురించి ఒక మాట. జాక్ యనోవ్‌స్కీ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనంలో 195 మంది అమెరికన్ల బరువును పండగ నెలల్లో తూచారు. థ్యాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం మధ్య సగటున పెరిగింది 0.37 కిలోలు. పెరిగామని వాళ్లు అనుకున్నది అంతకంటే చాలా ఎక్కువ. అయితే ఆ పెరిగిన కొద్దిపాటి బరువు తర్వాతి నెలల్లో తగ్గలేదు. అరిసెలు తిన్న వారానికే అయిదు కిలోలు పెరుగుతారని బెదిరించే పోస్టరుకు ఆధారం లేదు. ఏటా కొంచెం కొంచెంగా పేరుకుంటుందని చెప్పే ట్రైనర్ దగ్గర నిజం ఉంది.

మూడు పాశ్చాత్య ఉదాహరణలు

ప్లానెట్ ఫిట్‌నెస్ తక్కువ ధర జిమ్‌ల గొలుసు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో డిసెంబరు 31 రాత్రి వేడుకలకు ఏళ్ల తరబడి స్పాన్సర్‌గా వ్యవహరించింది. కోట్ల మంది సంకల్పాలు చెప్పుకునే ఘడియలోనే తన పేరు కళ్ల ముందు ఉంచింది.

వ్యాయామ సైకిళ్లు అమ్మే పెలోటన్ 2019 క్రిస్మస్‌కు ఇచ్చిన ప్రకటనలో భర్త భార్యకు సైకిల్ బహుమతిగా ఇస్తాడు. నువ్వు సన్నబడాలి అని ఆమెకు చెప్పినట్టుందని జనం తిట్టిపోశారు. డిసెంబరు 3న కంపెనీ షేరు సుమారు 9 శాతం పడింది. తెలుగు ఇళ్లలోనూ ఇది వర్తించే పాఠం. భార్యకో, అత్తగారికో పీటీ ప్యాకేజీ ‘గిఫ్ట్’ ఇమ్మని చెప్పే ప్రకటన రాసేముందు, అందుకునేవారి మనసు ఎలా ఉంటుందో ఆలోచించాలి. అడగనివారికి ఇచ్చే వ్యాయామం బహుమతి కాదు, వ్యాఖ్య.

ఖరీదైన జిమ్‌ల సంస్థ ఈక్వినాక్స్ 2023 జనవరి 1న కొత్త సభ్యులను చేర్చుకోబోమని ప్రకటించింది. జనవరి తమ భాష కాదని గొప్పగా చెప్పుకుంది. కొత్తగా మొదలుపెట్టేవారిని కించపరిచారని విమర్శలు వచ్చాయి. వచ్చింది ఏ తేదీన అయినా, గడప తొక్కిన మనిషిని తక్కువ చేయకూడదు.

తెలుగు శీతకాలం: నెలలు, అలవాట్లు

ఇక్కడి ట్రైనర్‌కు ఇంగ్లీషు క్యాలెండరు ఒక్కటే చాలదు. కార్తీకంతో అయ్యప్ప దీక్షలు మొదలవుతాయి. మాల వేసుకున్న ఖాతాదారు 41 రోజులు మాంసం, గుడ్డు మానేస్తాడు, చన్నీళ్ల స్నానం చేస్తాడు, చెప్పులు వేసుకోడు, నేల మీద పడుకుంటాడు. చాలా జిమ్‌లు ఆయన్ని ‘మాల తీశాక వస్తాడులే’ అని వదిలేస్తాయి. తెలివైన ట్రైనర్ ‘స్వామీ, బరువులు తగ్గిద్దాం, రావడం మాత్రం మానకండి’ అంటాడు. శనగలు, పెసలు, పల్లీలు, పాలు, పెరుగు, పనీరుతో ప్రోటీన్ సరిపెట్టే పట్టిక రాసిస్తాడు. దీక్ష అనేది ఇప్పటికే క్రమశిక్షణ. తెల్లవారుజామున లేచే అలవాటు ఉన్న మనిషి అంతకన్నా మంచి సమయంలో ట్రైనర్‌కు దొరకడు. ఈ వర్గానికి ప్రత్యేకంగా చెప్పే ప్రచారం మన దగ్గర ఇంకా చాలా తక్కువ.

నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వచ్చినప్పుడు దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లు అని తేలింది. వాకర్స్ అసోసియేషన్‌తో, వీధిలోని డాక్టరుతో కలిసి ఒక ఉదయం పార్కులో ఉచితంగా షుగరు పరీక్ష, తేలిక కసరత్తులు చేయించిన ట్రైనర్‌కు యాభై దాటినవారు పరిచయమవుతారు. వీళ్లు రీల్స్ చూసి చేరరు, ముఖం చూసి చేరతారు. ఒకసారి చేరితే ఏళ్ల తరబడి ఉంటారు.

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది. ఇంటి ముందు ముగ్గు, గుడిలో తిరుప్పావై, పిల్లల టిఫిన్ బాక్సులు. ఇల్లాలికి ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా ఊపిరి ఆడదు. ఆమెకు పదకొండు గంటల వేళో, మధ్యాహ్నం మూడింటి వేళో చూపాలి. జిమ్ కూడా ఆ వేళల్లో ఖాళీగా ఉంటుంది. ఇదే నెలలో విదేశాల్లోని బిడ్డలు సెలవుల మీద వస్తారు. మూడు నాలుగు వారాలే ఉండే వీరికి ఏడాది సభ్యత్వం పనికిరాదు. పది, పన్నెండు సెషన్ల చిన్న ప్యాకేజీ పెట్టాలి. తిరిగి వెళ్లాక వీడియో కాల్ మీద కొనసాగించేది కూడా వీళ్లే.

సంక్రాంతికి హైదరాబాదు సగం ఖాళీ అవుతుంది. బస్టాండులో ఉన్న మనిషికి డిస్కౌంటు మెసేజ్ పంపడం దండగ. ఆ వారం రోజులూ ప్యాకేజీ లెక్కలోంచి తీసేసి, ఊళ్లో పరికరాలు లేకుండా చేసుకునే ఇరవై నిమిషాల పట్టిక ఫోనులో పంపితే ఖర్చు ఏమీ లేదు, విశ్వాసం మిగులుతుంది. ‘అరిసెలు తినండి, పొలం గట్టున ఉదయం ఒక గంట నడవండి’ అని రాసిన ట్రైనర్ మాటను ఖాతాదారు ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తాడు.

ధనుర్మాసంలో, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు. మాఘం రాగానే ముహూర్తాలు వరస కడతాయి. పెళ్లికూతురు, పెళ్లికొడుకు కోసం పెట్టే ప్యాకేజీని ముహూర్తాల నెలలో ప్రచారం చేస్తే ఆలస్యమైపోతుంది. వారానికి అర కిలో చొప్పున తగ్గడం సురక్షితమైన వేగం. ఎనిమిది వారాలకు నాలుగు కిలోలు. ఈ లెక్కను డిసెంబరు మొదట్లోనే చెప్పాలి. మూడు వారాల ముందు వచ్చినవారికి బరువు గురించి మాట ఇవ్వకుండా, నిలబడే తీరు, నిద్ర, ఓపిక గురించి మాట ఇవ్వడం మర్యాద.

మాఘ శుద్ధ సప్తమి రథసప్తమి. ఆ రోజున 108 సూర్య నమస్కారాల కార్యక్రమాలు చాలా ఊళ్లలో జరుగుతాయి. నెల రోజుల ముందు పన్నెండుతో మొదలుపెట్టి ఆ రోజుకు 108 చేరుద్దామని చెప్పడం కన్నా తెలుగు మనసుకు దగ్గరైన చలికాలపు ప్రచారం నాకు కనిపించలేదు. ఫిబ్రవరి చివర పిల్లల పరీక్షలు మొదలై తల్లులు మానేస్తారు. ఆ సంగతి ముందే తెలుసు కనుక, వారానికి మూడు రోజులను రెండు చేసి అయినా వారిని నిలుపుకోవాలి.

మార్గాలు

పర్సనల్ ట్రైనర్ సాధారణంగా తన చుట్టుపక్కల నాలుగైదు కిలోమీటర్ల లోపలి జనానికే పనిచేస్తాడు. అందుకే గూగుల్ మ్యాప్స్‌లో సరైన చిరునామా, వేళలు, ఖాతాదారులు రాసిన అభిప్రాయాలు అతనికి పెద్ద ప్రకటన కన్నా విలువైనవి. రెండో మార్గం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. అందులో ట్రైనర్ తానే మెసేజ్ పెడితే అసోసియేషన్ సెక్రటరీకి కోపం వస్తుంది, అదే పై అంతస్తు ఆంటీ రాస్తే పదిమంది అడుగుతారు. క్లబ్‌హౌస్‌లో ఒక ఆదివారం ఉచిత క్లాసు ఈ రెండిటినీ కలుపుతుంది. చిన్న పట్టణాల్లో దినపత్రికల మడతలో పెట్టే కరపత్రం ఇంకా పనిచేస్తోంది. రీల్స్ పేరు తెస్తాయి, కానీ చూసినవాడు వేరే ఊళ్లో ఉంటే ఫీజు రాదు.

ధర విషయంలో శీతకాలం ఒక ప్రలోభం పెడుతుంది. జనవరిలో సగం ధరకు ఏడాది సొమ్ము ముందే వసూలు చేస్తే చేతిలో డబ్బు ఆడుతుంది. మార్చికి ఆ డబ్బు అయిపోతుంది, పని మాత్రం డిసెంబరు దాకా మిగులుతుంది. నెలకు పన్నెండు సెషన్లు, మూడు నెలలకు ముప్ఫై ఆరు వంటి చిన్న లెక్కలు ఇద్దరికీ మేలు. తగ్గింపు ఇవ్వాలనుకుంటే చేరినప్పుడు కాక, మూడో నెల మొదట్లో ఇవ్వడం మంచిది. జారిపోయేది అప్పుడే. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్, యోగా సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కొన్నవాటి మీద కట్టిన పన్నును సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ సదుపాయం మాత్రం లేదు. ఏడాది ఆదాయం 20 లక్షల లోపున్న విడి ట్రైనర్‌కు సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

సముద్రాల అవతల

న్యూజెర్సీ, టొరంటోల్లోని తెలుగువారికి శీతకాలం నిజంగా ఇల్లు కదలనివ్వని కాలం. హైదరాబాదు ట్రైనర్‌కు అక్కడొక తలుపు తెరుచుకుంది. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి వెళతాయి. అప్పటి నుంచి మన ఉదయం 6 గంటలు న్యూజెర్సీలో ముందు రోజు సాయంత్రం 7:30, డాలస్‌లో 6:30. ఆఫీసు ముగిసి పిల్లలకు అన్నం పెట్టే ముందు వేళ. తెలుగులో తిట్టి, తెలుగులో మెచ్చుకునే ట్రైనర్, పప్పూ పచ్చడీ తెలిసినవాడు కావడం వాళ్లకు నచ్చుతుంది. మార్చిలో గడియారం మళ్లీ మారినప్పుడు వేళ గందరగోళమై చాలామంది మానేస్తారు. ఆ తేదీని ముందే చెప్పి ఉంచాలి.

భద్రత, చట్టం

చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవారిని తెల్లవారుజామున ఒక్కసారిగా పరిగెత్తించడం ప్రమాదం. ఒళ్లు వేడెక్కించడానికి పది నిమిషాలు ఇవ్వాలి, డాక్టరు అనుమతి అడగాలి. నగరాల్లో చలికాలపు ఉదయం చల్లని గాలి కిందే ఉండిపోయి పొగ నేల దగ్గరే నిలుస్తుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవారికి ఎండ వచ్చాక వేళ ఇవ్వడం మేలు. ఈ జాగ్రత్తలను ప్రకటనలోనే రాసే ట్రైనర్‌కు పెద్దవారు ఫోను చేస్తారు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా విధించవచ్చు. ఇలాంటి ప్రకటనల నివారణకు 2022లో మార్గదర్శకాలు వచ్చాయి. ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హతలు చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2023లో కోరింది. ‘ముందు, తర్వాత’ ఫొటోలు ఖాతాదారు రాతపూర్వక అనుమతి లేకుండా వాడకూడదు. అవి ఎన్ని నెలల తేడాతో తీసినవో కింద రాయాలి.

చేరబోయేవారికి ఒక మాట. జనవరిలో డబ్బు కట్టే ముందు ట్రైనర్ సర్టిఫికెట్ చూడండి, ఒక సెషన్ చేసి చూడండి. ఊరెళితే రోజులు కలుపుతారా, మానేస్తే మిగిలిన డబ్బు ఎంత వెనక్కి ఇస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి.